ముందు ఆ సంచి కింద పెట్టండి

టీ పెట్టుకున్నారా? పెట్టుకునే రండి, తొందరేం లేదు. ఇవాళ కబుర్లు కాస్త ఎక్కువే ఉన్నాయి.

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మనకి ఓ పక్క సంతోషం, ఓ పక్క దడ. భోజనాల దగ్గర ఎవరో ఒకరు "ఈసారి అందరం కలిసి వెళ్దాం" అంటారు. అందరూ సై అంటారు. మగవాళ్ళకి ఆ మాటతో పని అయిపోతుంది, మనకి అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఎవరికే మాత్ర, ఎవరికి కారం పడదు, ఎవరు ఎవరి పక్కన పడుకోరు, పడవెక్కితే ఎవరు వాంతి చేసుకుంటారు... అన్నీ మన బుర్రలోనే. అందులోనూ వెళ్ళేది దీవికైతే మరీ భయం. ఊళ్ళో అయితే మర్చిపోయిన వస్తువు సందు చివర కొనుక్కుంటాం. దీవిలో మర్చిపోతే మర్చిపోయినట్టే. అవునా, కాదా?

నా సంగతి చెప్తాను వినండి. కొన్నేళ్ళ కిందట ఇలాగే కుటుంబమంతా రామేశ్వరం వెళ్ళాం. అదీ దీవే కదా. గుళ్ళో ఇరవై రెండు తీర్థాలుంటాయి, ఒక్కో బావి దగ్గరా చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తారు. ఇంటిల్లిపాదీ తడిసి ముద్దై, నవ్వుకుంటూ వచ్చారు. నేను? మండపంలో ఎనిమిది బ్యాగుల మధ్య కూర్చున్నాను. "నువ్వెళ్ళు, నేను చూస్తాలే" అని ఎవరూ అనలేదు. అడిగితే అనేవాళ్ళేమో! నేనే అడగలేదు. ఇంటికొచ్చి బట్టలు ఉతకడానికి తీస్తే అందరివీ తడి బట్టలు, నా చీర ఒక్కటే పొడిగా ఉంది. ఆ పొడి చీర చూసి ఎందుకో కళ్ళనీళ్ళు తిరిగాయి.

అందుకే మొన్న సంక్రాంతి సెలవులకి అండమాన్ అనుకోగానే నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను, ఈసారి సంచి నా భుజాన ఉండకూడదని. మీకూ అదే చెప్తున్నాను. ఇంకేం విన్నా వినకపోయినా ఈ ఒక్కటీ వినండి.

మేం పధ్నాలుగు మందిమి. అత్తగారు, మామగారు, మా అమ్మ, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మరిదీ తోటికోడలూ వాళ్ళ నాలుగేళ్ళ పాపా, ఆడపడుచూ అన్నయ్యగారూ వాళ్ళ ఇద్దరు మగపిల్లలూ. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. 2024లో దానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్ళింకా పాత పేరే అంటున్నారు. ఆ ఆటో అబ్బాయి మా గోల విని తెలుగులో "ఏ ఊరమ్మా మీది?" అనేసరికి మా అమ్మ మొహం చూడాలి! వాళ్ళ తాత సోంపేట వైపు నుంచి వచ్చాడట. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు చాలానే ఉన్నాయి. భాష రాని చోటికి పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నామన్న బెంగ మీకుంటే సగం అక్కడే తీరిపోతుంది. మొదటి రోజు సెల్యులార్ జైలు చూసి, మర్నాడు నీల్ దీవికి బయల్దేరాం. ఈ ముచ్చటంతా ఆ ఒక్క రోజుదే.

దీవులు చాలా ఉంటే నీలే ఎందుకు అంటారా? చిన్నది కాబట్టి. మొత్తం కలిపి పధ్నాలుగు చదరపు కిలోమీటర్లు ఉంటుంది, అంతే. ఎటు వెళ్ళినా ఆటోలో పావుగంట. మోకాళ్ళ నొప్పుల వాళ్ళూ నాలుగేళ్ళ పిల్లా ఉన్న గుంపుకి ఇంతకంటే ఏం కావాలి? పెద్ద పెద్ద పేర్లున్న చోట్లకి పోయి రోజంతా బండిలో కూర్చోవడం కంటే ఇదే నయమని నా మాట.

పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేద్దాం అని మగవాళ్ళు లెక్కలేస్తారు. ఒప్పుకోకండి. పడవలో పోవడానికే గంటన్నర, రెండు గంటలు. ఎక్కడానికి ముందో గంట పడిగాపులు. సూర్యాస్తమయం చూడాలంటే తిరుగు పడవ దాటిపోతుంది. ఆ రాత్రి అక్కడే ఉండండి. పడవ టికెట్లు, గదులు ముందే తీసుకోండి, పధ్నాలుగు సీట్లు ఒక్కచోట అప్పటికప్పుడు దొరకవు. ఎవరి ఆధార్ కార్డు వాళ్ళ దగ్గరే ఉండాలి. మీ దగ్గర కాదు సుమా, ఎవరిది వాళ్ళ దగ్గరే!

ఇక వాంతుల సంగతి. మనందరికీ అసలు భయం ఇదే కదా? డాక్టర్నడిగి మాత్ర ముందే తెచ్చుకోండి. పడవ కదిలాక వేసుకుంటే లాభం లేదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపూ వద్దు, నూనె టిఫినూ వద్దు. రెండు ఇడ్లీ చాలు. మా ఆడపడుచు పెద్దకొడుకు, డిగ్రీ చదివే మొనగాడు, "నాకేం కాదత్తా" అని నాలుగు పూరీలు లాగించాడు. అరగంటకి మొహం పాలిపోయింది. పడవ మధ్యలో కూర్చోబెట్టి, ఫోను లాక్కుని, కిటికీలోంచి దూరంగా సముద్రం అంచు చూడరా అన్నాను. ముక్కు దగ్గర నిమ్మకాయ. తేరుకున్నాడు. పెద్దవాళ్ళకి వాంతుల కంటే ఏసీ బాధ ఎక్కువ. పడవలో ఎముకలు కొరికే చలి పెడతారు. శాలువా పైకి తీసి ఉంచండి, అడుగున పెట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. ముందురోజు రాత్రి గదిలో అందర్నీ కూర్చోబెట్టి జతలు కట్టాను. ఒక్కో పిల్లకీ ఒక్కో పెద్ద. తమాషా ఏమిటంటే ఎవరి పిల్లల్ని వాళ్ళకివ్వలేదు. మా వాణ్ణి తోటికోడలికిచ్చాను, వాళ్ళ పాపని మా ఇంటరు అమ్మాయికి, ఆ ఇద్దరి మీదా ఒక కన్ను వెయ్యమని మావారికి. సొంత తల్లి దగ్గర మారాం చేసే పిల్లలు పిన్ని దగ్గర బుద్ధిగా ఉంటారు, మీకు తెలియనిదేముంది! మామగారికి మరిది. అత్తగారికీ మా అమ్మకీ ఒకరికొకరు. వియ్యపురాళ్ళిద్దరికీ పడదేమోనని ముందు జంకాను. తీరా చూస్తే కోడళ్ళ గురించి మాట్లాడుకోవడానికి వాళ్ళకి రోజు సరిపోలేదు.

సంచి కూడా అలాగే పంచాను. మందుల డబ్బా ఆడపడుచుకి, తువ్వాళ్ళూ మార్చుకునే బట్టలూ మరిదికి, తినుబండారాలు మావారికి. డబ్బు మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంటికింత అని ముందే వేసుకుని అన్నయ్యగారి చేతిలో పెట్టాం, ఆయన చిన్న పుస్తకంలో రాస్తారు. అక్కడ సిగ్నల్ దోబూచులాడుతుంటుంది, ఫోనులో కడదాంలే అనుకుంటే కుదరదు, నోట్లే తీసుకెళ్ళండి. కొబ్బరి బోండాం డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని ప్రతిచోటా లాక్కోవడం, తర్వాత ఎవరెంత పెట్టారని మనసులో గుణించుకోవడం... ఆ బాధ లేదు.

ఇన్ని చేసినా బుద్ధి పోతుందా? నీల్ జెట్టీలో దిగగానే లెక్కపెట్టాను. పదమూడు! గుండె జారిపోయింది. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే. మామగారు తాపీగా "నిన్ను లెక్కేసుకున్నావా అమ్మా?" అన్నారు. పరమానందయ్య శిష్యుల వాగు దాటిన కథ పిల్లలకి చెప్పిన నోటితోనే ఆ పని చేశాను. నవ్వకండి. మనలో ఎంతమంది తమని తాము లెక్కలో వేసుకుంటారో చెప్పండి చూద్దాం?

దిగిన వెంటనే చెయ్యాల్సిన పని ఇంకొకటుంది, భోజనం చెప్పేయడం. పధ్నాలుగు మంది ఒక్కసారిగా వెళ్ళి కూర్చుంటే చిన్న హోటలు వాళ్ళకి వండడానికి గంటన్నర పడుతుంది. ఈలోగా ఆకలికి పిల్లలు, పిల్లల గోలకి పెద్దలు చిరాకు పడతారు. అక్కడి వాళ్ళలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలవాళ్ళు. ఆవనూనె వంట. మనవాళ్ళకి ఆ ఘాటు అలవాటు లేదు, మరో నూనెతో చెయ్యమని ముందే అడిగితే సరదాగా చేసిపెట్టారు. ఆ రోజు శనివారం, పైగా త్రయోదశి, అత్తగారు ఒంటిపూట. ఆవిడకి అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు చెప్పాం. కూరగాయలకి లోటు లేదు, నేల చదునుగా ఉండి బాగా పండుతాయట. మిగతా దీవులకి ఇక్కణ్ణుంచే పోతాయి. మన సంచిలో ఆవకాయ ఎలాగూ ఉంది!

ఆటోలో వెళ్తూంటే ఊళ్ళ పేర్లు వినపడ్డాయి. రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అత్తగారు చేతులు జోడించి, కాసేపాగి, "శత్రుఘ్నుడేం పాపం చేశాడే?" అన్నారు. అయిదో ఊరు ఉంది గానీ దాని పేరు నీల్ కేంద్ర. పాపం, ఆయనకక్కడా చోటు లేదు. నీల్ అన్న పేరు 1857 తిరుగుబాటుని అణచిన తెల్లదొరదని చెప్తారు. 1943లో నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడు, దానికి డెబ్భై అయిదేళ్ళు నిండిన రోజున, 2018 డిసెంబరు 30న, ఈ దీవిని షహీద్ ద్వీప్ అన్నారు. ఇది మా టెన్త్ మేనల్లుడు చెప్పాడు. జైలు చూసొచ్చిన మర్నాడు కదా, పిల్లలకి బాగా ఎక్కింది.

భరత్‌పూర్ తీరం జెట్టీ పక్కనే. అడుగున అద్దం ఉన్న పడవలుంటాయి. పెద్దవాళ్ళకి ఇంతకు మించింది లేదు, ఈత రానక్కర్లేదు, తల తడవదు. చిక్కల్లా ఎక్కడంలోనే. మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఎక్కాలి. చీరలతో కష్టం. నేను ముందే పోరి మా అమ్మకి చుడీదార్ వేయించాను. అత్తగారు ససేమిరా అన్నారు. సరే, గోచీ పోసినట్టు ఎగదోపి ఇద్దరం రెండు చేతులు పట్టుకున్నాం, పడవ అబ్బాయి పైనుంచి అందుకున్నాడు. అందరికీ లైఫ్ జాకెట్లు కట్టించండి, "చీర మీద బాగోదు" అంటే వినకండి. ఈతకి దిగే పిల్లలకి కూడా ఒకటే మాట, లైఫ్ గార్డు దిగమన్న చోటే దిగాలి. అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళుంటాయి, హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టలేదు.

పడవ కాస్త దూరం పోయాక అద్దం కింద రంగు మారింది. అత్తగారు కళ్ళజోడు సరిచేసుకుని వంగారు. "కాలీఫ్లవర్ మడిలా ఉందే" అన్నారు. నిజంగా అలాగే ఉంది పగడపు దిబ్బ. దాని సందుల్లోంచి పసుపు చారల చేపలు బడి వదిలిన పిల్లల్లా బిలబిల్లాడుతూ పోతున్నాయి. ఒకచోట తెల్లగా, బోసిగా కనిపించింది. "అబ్బ, ఎంత తెలుపో" అంది తోటికోడలు. అది అందం కాదట, నీళ్ళు వేడెక్కితే పగడం రంగు పోగొట్టుకుని అలా పాలిపోతుందట. 2010లో, మళ్ళీ 2016లో ఇక్కడ చాలా పాలిపోయాయి. ఆ మాట విన్నాక పడవలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. అద్దం మీద అత్తగారి వేలు మాత్రం ఆ తెల్లటి చోటే ఆగి ఉంది.

నీల్‌లో ఓ రాతి వంతెన ఉంది, దాని సంగతి చెప్పకపోతే నన్ను తిడతారు. సముద్రం తొలిచిన కమాను అది. బెంగాలీవాళ్ళు కదా, ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడే దాని దగ్గరికి వెళ్ళగలం. మన తీరంవాళ్ళు నీళ్ళు పైకి రావడాన్ని పోటు అని, వెనక్కి తీయడాన్ని పాటు అని అంటారు చూశారా, ఆ పాటు వేళ అన్నమాట. చాలామంది ఇది తెలియక పోటులో వెళ్ళి, ఒడ్డున నిలబడి, ఉసూరుమంటూ వస్తారు. పాటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ ముందురోజు కంటే ముప్పావు గంటకి పైగా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి నిన్న వెళ్ళొచ్చినవాళ్ళ టైము మనకి పనికిరాదు. గది ఇచ్చినవాళ్ళని అడిగితే ఆ రోజుది చెప్తారు. పున్నమికీ అమావాస్యకీ నీళ్ళు ఇంకా ఎక్కువ దూరం పోతాయి. ఈ మాట చెప్పగానే అత్తగారు పంచాంగం తీశారు. "త్రయోదశి, పున్నమి దగ్గరే, బాగానే తీస్తుందిలే" అని తేల్చేశారు. అప్పటిదాకా శనిత్రయోదశి నాడు ప్రయాణమేమిటని గొణిగింది ఆవిడే! మాకు రెండు దాటాక పాటు పడింది. ముందు భోజనం, ఆ తర్వాత వంతెన అని రోజంతా దాని చుట్టూ అమర్చుకున్నాం.

అక్కడికి అందరూ రానక్కర్లేదు, ఈ ముక్క ధైర్యంగా చెప్పండి. దారంతా గరుకు రాళ్ళు, చచ్చిన పగడపు ముక్కలు, మధ్యలో పాచి. "వచ్చాం కదా, అందరం చూడాలి" అని పెద్దవాళ్ళని ఈడ్చుకెళ్తే వాళ్ళకి భయం, మనకి పాపం. అత్తగారు, మామగారు, మా అమ్మ పైన కొట్ల దగ్గర నీడలో కూర్చున్నారు. మరిది చిన్నబుచ్చుకోకుండా కాపలా ఉన్నాడు. చేతిలో బోండాలు. వాళ్ళు మిస్సయ్యారని బాధపడ్డారా? మామగారు హాయిగా కునుకు తీశారు. మిగతావాళ్ళం వెళ్ళాం. కాలికి పట్టీ ఉన్న రబ్బరు చెప్పులే వేసుకోండి, హవాయి చెప్పులు మొదటి రాయి దగ్గరే ఊడిపోతాయి.

రాళ్ళ మధ్య నీటి గుంటలుంటాయి. పాటుకి వెనక్కి పోలేక నిలిచిపోయిన సముద్రం ముక్కలు. ఒక గుంట పక్కన మా వాడు గొంతుకూర్చున్నాడు. నల్లగా, దోసకాయలా ఏదో పడుంది. మాతో వచ్చిన గైడు సముద్ర దోసకాయ అన్నాడు, ప్రాణమున్నదే. పక్కనే రాతిలో ఇరుక్కుని ఒక ఆల్చిప్ప, నీలంగా మెరిసే పెదవులు తెరిచి ఉంది. మా వాడి నీడ పడగానే టక్కున మూసుకుంది. వాడు ఊపిరి బిగబట్టాడు. ఇంట్లో అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు ఆ పెదవులు మళ్ళీ తెరుచుకునేదాకా కదల్లేదు. పాప మాత్రం గౌను జేబు నిండా గవ్వలేరింది. అవి తీసుకెళ్ళకూడదమ్మా అంటే రాగం మొదలుపెట్టింది. నిజంగానే కూడదు. పగడాలు, గవ్వలు పట్టుకుపోతే తనిఖీలో తీసేసుకుంటారు, కేసవుతుంది. "ఇందులో ఎండ్రకాయ బాబు ఇల్లు కట్టుకుంటాడు, వాడి ఇల్లు మనం పట్టుకుపోదామా?" అంది మా అమ్మాయి. ఒక్కొక్కటే నీళ్ళలో పెట్టింది పాప, ఒక్కొక్కదానికీ టాటా చెప్పి.

సూర్యుడి సంగతి మర్చిపోయి టీలు తాగుతూ కూర్చోకండి. అక్కడ జనవరిలో అయిదుంబావుకల్లా అస్తమయం. ఎందుకంటే మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి తిరుగుతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే నలభై నిమిషాలు ముందే పొద్దు వాలిపోతుంది. నాలుగున్నరకే లక్ష్మణ్‌పూర్ చేరిపోయాం. ఇసక మీద చిన్న చిన్న ఈగలు కుడతాయి, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకున్నాం.

అప్పుడు తెలిసింది తువ్వాళ్ళ సంచి లేదని. మరిది మధ్యాహ్నం ఆటోలో వదిలేశాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నా నాలిక చివర దాకా వచ్చింది, "నా దగ్గరుంటే ఇలా జరిగేదా" అని. మింగేశాను. మీరూ మింగేయండి, అక్కచెల్లెళ్ళూ! ఆ ఒక్క మాటతో సంచి మళ్ళీ మన భుజమెక్కుతుంది, జన్మలో దిగదు. పిల్లలు తడి బట్టలతోనే పరిగెత్తారు, గాలికి ఆరిపోయారు. మా అమ్మ కొంగుతో పాప తల తుడిచింది. ఏం మునిగిపోయింది చెప్పండి?

నా చేతులు ఖాళీగా ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచలేదు కాసేపు. తోటికోడలు వచ్చి "రా అక్కా" అని లాగింది. ఇద్దరం మోకాళ్ళదాకా దిగాం. సూర్యుడు నీళ్ళని తాకేదాకా అక్కడే నిలబడ్డాం. వెనక్కి తిరిగి పిల్లల్ని లెక్కపెట్టబోయి మానేశాను. జతలున్నాయి కదా.

తువ్వాళ్ళ సంచి మర్నాడు పొద్దున జెట్టీలో దొరికింది. ఆటో అబ్బాయే తెచ్చిచ్చాడు, అన్నీ మడతపెట్టి.